రెండు విజిళ్ళు

సముద్రం మా ఆళ్ళగడ్డకు బస్సులో ఆరు గంటల దూరం. అలాంటి ఊళ్ళో కంబన్న ఊరి బయట బీడు నేలలో నిలబడి, తనకు రెండింతలున్న గాలపు కర్రతో సీసపు గుండు విసురుతుంటే నవ్వనివాళ్ళు పాపాత్ములు. గొర్రెలు తోలుకుపోయేవాళ్ళు "ఆలు లేదు చూలు లేదు" అని సాగదీసేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి, కాకపోతే ఆయన వైపు నిలబడి.

కంబన్న డ్రైవరు, నేను కండక్టరును. నెల్లూరు బండి మీద ఇరవై రెండేళ్ళు ఇద్దరిదీ ఒకటే డ్యూటీ. అక్కడ హాల్టు పడితే నేను గదిలో గుర్రుపెట్టేవాణ్ణి. ఆయన మైపాడు సముద్రపు ఒడ్డుకు పోయి, గాలం వేసే ఒక ముసలాయన పక్కన కూర్చునేవాడు. అలా పట్టుకుంది పిచ్చి. అలలు విరిగే చోటు దాటి గుండు పడితేనే చేప తగులుతుంది, దానికి ఎనభై అంగల దూరం విసరాలి. అక్టోబరు నుంచి ఏడాది చివరిదాకా వాయుగుండాలతో సముద్రం ఎవరినీ దగ్గరికి రానివ్వదు. ఆ మూడు నెలలూ చెయ్యి మొద్దుబారకుండా, కొక్కెం తీసేసి ఉత్త గుండు బీడులో విసిరేవాడు. ఎనభై అంగల దగ్గర ఒక కడప బండ పాతాం. నేను దాని పక్కన నిలబడి, గుండు బండ దాటితే రెండు విజిళ్ళు వేయాలి, దాటకపోతే ఒకటి.

ఆ లెక్క బస్సు నుంచి వచ్చిందే. బండి వెనక్కి తీసేటప్పుడు రెండు విజిళ్ళంటే రావచ్చు, ఒకటంటే ఆగాలి. తక్కిన డ్రైవర్లు విజిలూ వింటారు, అద్దమూ చూస్తారు. కంబన్న అద్దం వైపే చూసేవాడు కాదు. ఎవరైనా అడిగితే "యెనక మాబు ఉండాడు కదప్పా" అనేవాడు. ఆ మాటకు నేనెంత పొంగిపోయేవాణ్ణో ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు.

రిటైరైన రెండో ఏడు కంబన్నకు పక్షవాతం వచ్చింది. నోరు బాగైంది, కాలు కొంత బాగైంది, కుడిచెయ్యి సగమే తిరిగొచ్చింది. అక్టోబరులో కర్ర బయటికి తీసి నాతో అన్నాడు: "మాబూ, బండ దాటితే జనవరిలో సముద్రానికి పోదాం. దాటకపోతే ఈ కర్ర ఎవరికన్నా ఇచ్చేస్తా. ఉత్తుత్తి ఆశ నాకొద్దు."

గుండు నలభై అంగల్లో పడింది. నెల గడిచాక యాభై. ఆ పైన ఒక్క అంగ పెరగలేదు. నా ఒంటి విజిల్ విన్నప్పుడల్లా ఆయన భుజాలు కుంగిపోయేవి. ఒకరోజు ఆయన భార్య మద్దమ్మ వాకిట్లో నన్ను ఆపింది.

"ఆ కర్ర పోతే ఆ మనిషి మంచం దిగడు మాబన్నా. నువ్వే ఏదో ఒకటి చెయ్యి."

చేశాను. విసిరిన ప్రతిసారీ ఆయన కర్ర నేలమీద పెట్టి, కూలబడి, తల వంచుకుని, నొప్పి పుట్టిన చెయ్యి ఒత్తుకునేవాడు. ఆ సందులో నేను గుండు ఎత్తుకుపోయి, బండకు నాలుగంగల అవతల పెట్టి, రెండు విజిళ్ళు వేశాను. ఆయన రీలు తిప్పి దారం చుట్టుకుంటూ చిన్నపిల్లాడిలా నవ్వాడు. లేచి వచ్చి చూసుకోలేదు. డిసెంబరంతా అలాగే దాటించాను.

జనవరిలో మైపాడు పోయాం. కంబన్న పంచె ఎగగట్టి, మోకాటిలోతు నీళ్ళలో నిలబడి విసిరాడు. గుండు తెల్లటి నురగలో పడింది. అల దాన్ని తెచ్చి ఆయన కాళ్ళ దగ్గరే పడేసింది. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే. నాలుగోసారి విసరలేదు. వెనక్కి తిరిగి నన్ను చూశాడు. నా మెడలో విజిల్ తాడు ఉంది. అది తీసి జేబులో వేసుకునే బుద్ధి కూడా నాకు పుట్టలేదు.

"యెనక గోడ ఉండాదని తెలిసి కూడా బండిని రమ్మంటివి కదా మాబూ," అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేది. ఆరు గంటలు బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. టిఫిను దగ్గర నా చేతికి నీళ్ళ సీసా కూడా అందించాడు. ముఖం మాత్రం కిటికీ వైపే పెట్టుకున్నాడు.

కర్ర ఎవరికో ఇచ్చేస్తాడనుకున్నాను. ఇవ్వలేదు. మళ్ళీ అక్టోబరు రాగానే బీడుకు వచ్చాడు. అంటే నేను నిజం చెప్పి ఉన్నా మానేవాడు కాదేమో. నేనే ఆయన్ను తక్కువ అంచనా వేశాను. ఆ సిగ్గు నన్ను ఇంకా వదల్లేదు.

నేనూ పోయి ఎప్పటిలాగే బండ పక్కన నిలబడ్డాను. పొమ్మనలేదు. విసిరాడు. గుండు యాభై అంగల దగ్గర దుమ్ము లేపింది. ఒకే విజిల్ వేశాను, ఉన్నది ఉన్నట్టు.

ఆయన తల ఎత్తలేదు. కర్ర నేలమీద పెట్టి, కాలు ఈడ్చుకుంటూ, ఒక్కొక్క అంగా పైకి లెక్కపెట్టుకుంటూ, గుండు ఎక్కడ పడిందో చూసుకోవడానికి తానే నడిచి వస్తున్నాడు.