ఖాళీ గోలు ముందు నా గురుభక్తి

నేను చేసిన తప్పులన్నీ రాయాలంటే తాటాకులు చాలవు గానీ, అరకులో మా హాకీ జట్టుని ఒక్క దెబ్బతో ముంచిన ఘనత మాత్రం విడిగా చెప్పుకోవాల్సిందే. ముంచింది ఎదుటి జట్టు కాదు, నేనే.

పందొమ్మిది వందల ఇరవైల మాట. అరకుకి అప్పటికి రైలు లేదు. అడవి కచేరీలో నేను ఇరవై రెండేళ్ళ గుమాస్తాని. గార్డులు ఆడే హాకీ జట్టుకి ఆటగాళ్ళని ఎంచి పేర్లు రాసే పెద్దరికం కూడా నాదే. ఏటా శృంగవరపుకోట వాళ్ళు ఘాటీ ఎక్కి వచ్చేవారు, ఓడిపోయి దిగేవారు. ఎన్నో ఏళ్ళుగా అదే తంతు. కారణం నాకు హాకీ కర్ర పట్టడం నేర్పిన పాత గార్డు అప్పలనాయుడు మావ. బంతి ఆయన కర్రకి అందిందా, ఇక గోలే. మాకున్న ఉపాయమల్లా ఒక్కటే: బంతి దొరికితే మావకివ్వు.

ఆ ఏడు ఆటకి వారం ముందు మావ నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఒరే గుంటడా, ఈయేడు నన్నొగ్గెయ్. మోకాళ్ళు మాటిన్నేదు. ఆ సోంబ్రుని ఏసుకో. ఆడు కొండెక్కితే మేక కూడా ఎనకాలే."

సోంబ్రు కొత్తగా చేరిన గార్డు, పక్క కొండమీది ఊరివాడు.

"అదేం మాట మావా! సింహం ముసలిదైతే గడ్డి తింటుందా?"

"గడ్డి తినదురా. కూకుంటాది."

నేను వింటేనా! ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అంటారు. అదే ఏనుగు పరిగెత్తాల్సి వస్తే ఎంతో ఎవరూ చెప్పలేదు. మావతోపాటు నలభై దాటిన వీరులందరి పేర్లూ భక్తిగా రాశాను. గోలు కాసే సన్యాసయ్య వంగితే, లేపడానికి ఇంకొకరు కావాలి. ఆయన పేరూ రాశాను. ఒక చోటు మిగిలితే నా పేరు పెట్టుకున్నాను, సోంబ్రుది కాదు.

సగం ఆట అయ్యేసరికి మావాళ్ళు పెళ్ళిభోజనం చేసి లేచినవాళ్ళలా నడుస్తున్నారు. అయినా ఎలాగో చెరో గోలు. చివరి క్షణాల్లో, నమ్మండి, బంతి నా కర్ర దగ్గరికే వచ్చింది. కోటవాళ్ళ గోలు కాసేవాడు జారి బోర్లా పడ్డాడు. ఎదురుగా ఖాళీ గోలు. కాస్త నెడితే చాలు.

నేను వెనక్కి తిరిగాను.

"మావా! ఇదుగో!" అంటూ బంతిని వెనక్కి కొట్టాను.

మావ మైదానం మధ్యలో వంగి ఆయాసపడుతున్నాడు. బంతి ఆయన్ని పలకరించకుండానే దాటిపోయింది. కోటవాళ్ళు దాన్ని అందుకుని మా గోలు వైపు పరిగెత్తారు. సన్యాసయ్య వంగడం మొదలుపెట్టాడు. ఆయన వంగడం పూర్తయ్యేసరికి అవతలివాళ్ళు గంతులేస్తున్నారు.

"ఏటి సేసినావురా? ఎదురుగా గోలుంటే నాకెందుకిచ్చినావు?"

"మీరున్నారు కదా అని, మావా..."

"నానున్నాన్రా. నా కాళ్ళే నేవు."

ఆయన నవ్వలేదు. తన కర్ర తీసుకెళ్ళి సోంబ్రు చేతిలో పెట్టి, ఎవరివైపూ చూడకుండా వెళ్ళిపోయాడు. గౌరవం పేరుతో ఆయన్ని పదిమందిలో నిలబెట్టి ఓడించానని నాకప్పుడు తెలిసింది.

మరుసటి ఏడు జట్టుని ఎంచే పని మావ నా దగ్గర్నుంచి తీసి సోంబ్రుకి అప్పగించాడు. అతను చెబుతుంటే నేను రాశాను. పదకొండు పేర్లూ అయ్యాయి.

"నా పేరేదోయ్?"

"నువ్వు ఎనక్కి సూస్తావు బాబూ. బంతి ముందుకెల్లాల."

మావాళ్ళు గెలిచారు. నేను మాత్రం ఒంట్లో ఏ నొప్పీ లేకుండానే, ఇరవై మూడో ఏట, వృద్ధ వీరుల సరసన గట్టుమీద కూర్చున్నాను. అక్కడే కొండదేవతల సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: ఖాళీ గోలు కనిపిస్తే ప్రాణం పోయినా ఇక వెనక్కి చూడను. ఎవరైనా ఆడనిస్తే.