ఆయమ్మ ఉండాది

ఈ ఉదయం ఆఫీసు గుమ్మంలో వేలిముద్ర మెషిన్ నా మీద మూడుసార్లు కీచుమంది. రెండేళ్ళపాటు ఇంటి నుంచే పని చేయించుకుని, ఇక రోజూ రావాల్సిందేనని కంపెనీ పిలిచిన మొదటి రోజు ఇది. బొటనవేలు కొంగుతో తుడిచి పెట్టాను, నోటితో ఊది పెట్టాను. ఎర్రలైటే. ఆ కీచుశబ్దం ఇదే బళ్ళారిలో, కంటోన్మెంట్ పాత బంగళాలో, నా చెవులు బాగా విన్నదే. అప్పుడు మెషిన్ వద్దన్న వేలు నాది కాదు, ఈరప్ప గారిది.

గనులు జోరు మీదున్న రోజులవి. ఖనిజం తోలే ఒక లారీల కంపెనీకి ఆ బంగళాలో ఆఫీసు ఉండేది. ఈరప్ప గారు హెడ్ క్లర్కు. వయసులో ఉన్నప్పుడు గనిలో ఖనిజం గడ్డలు చేత్తో నలిపి చూసి, సరుకు మంచిదో కాదో చెప్పేవారట. ఏళ్ళ తరబడి ఆ రాపిడికి వేళ్ళ కొసలు గోలీకాయల్లా నున్నబడిపోయాయి. నేను గనుల దారిలోని కూరెకుప్ప అనే ఊరి నుంచి వచ్చే గుమాస్తాను. నా కూతురికి రెండేళ్ళు, ఎర్రదుమ్ముకు ఒకటే ఆయాసం. లారీల వరుసలో బస్సు ఇరుక్కుపోయి నేను ఆఫీసు చేరేసరికి సగం పూట గడిచేది. ఒకరోజు ఇక మానేస్తానని ఆయన బల్ల ముందు నిలబడి ఏడ్చేశాను.

"ఏంటికమ్మా మానేది? లారీలన్నీ నీ ఇంటి ముందరే పోతాండాయి గదా. ట్రిప్పు కాగితాలు డ్రైవర్లు ఆడనే దించుతారు. నువ్వు రాసి సాయంత్రం బండికిచ్చి పంపు. ఈడికొచ్చి కుర్చీ అరగదీసేదేముండాది?"

ఇంటి నుంచి పని అనే మాట మాలో ఎవరూ విననే లేదప్పటికి. ఆయన మాత్రం దాన్నొక పద్ధతిగా నడిపేశారు. అప్పుడప్పుడు యజమాని ఫోన్ చేసి "ఆయమ్మ ఉండాదా?" అని అడిగేవారు. "ఉండాది సార్" అనేవారు ఈరప్ప. ఎక్కడ అని ఆయన అడగలేదు, ఈయన చెప్పలేదు. నా కోసం అబద్ధం ఆడుతున్నారని నేను నొచ్చుకుంటే నవ్వేశారు.

"అబద్ధమేందమ్మా? నువ్వు ఉండావా లేదా? పని జరుగుతాంటే మనిషి ఉన్నట్టే. ఆయ్తు, అయిపాయె, పో."

లారీలు పెరిగాయి, యజమాని బెంగళూరు నుంచి కొత్త మేనేజరును తెచ్చారు. ఆయన వచ్చిన వారానికే గుమ్మంలో వేలిముద్ర మెషిన్ వెలిసింది, ఇంటి నుంచి చేసే నా పని రద్దయింది. అందరి వేళ్ళనూ గుర్తుపట్టిన మెషిన్ ఈరప్ప వేలిని మాత్రం ఒప్పుకోలేదు. ఆయన నూనె రాశారు, తడి చేశారు, చొక్కాకు రుద్దారు. కుర్రాళ్ళు నవ్వేవాళ్ళు. "నా వేలికి గని తెలుసు గానీ, దీనికి నేను తెలీదంటప్పా" అని ఆయనా నవ్వేవారు. అందరికంటే ముందు వచ్చి కూర్చునే మనిషి నెలాఖరు జాబితాలో ఒక్కరోజు కూడా రానట్టు తేలారు. ఈరప్పను తీసేయడానికి మేనేజరుకు కావలసిందీ అదే.

మేనేజరు నన్ను తన గదిలోకి పిలిచారు. వారంలో మూడు రోజులు ఇంటి దగ్గర చేసుకుంటానని నేను పెట్టుకున్న అర్జీ బల్ల మీద కనబడేలా పెట్టి ఉంది.

"మీరు ఈరప్పకు ఎదురుగా కూర్చుంటారు కదా. ఆయన రోజూ వస్తున్నారా?"

రోజూ ఉంటారు సార్ అంటే సరిపోయేది. నా కళ్ళు ఆ అర్జీని వదల్లేదు.

"నేను తల వంచుకుని పని చేసుకుంటాను సార్. గమనించలేదు."

వెనక్కి తిరిగితే గుమ్మంలో ఈరప్ప, సంతకాల ఫైలు పట్టుకుని. విన్నారు. నేను పక్కనుంచి తప్పుకోబోతే మెల్లగా అడిగారు.

"పాపకు ఆ దమ్ము, ఆయాసం తగ్గిందామ్మా?"

అంతే. కసిరినా బాగుండేది. మరుసటి వారం నుంచి ఆయన రాలేదు, రానివ్వలేదు. నా అర్జీ మంజూరైంది, రెండు నెలలకు అదీ రద్దయింది. సిగ్గు విడిచి కౌల్ బజార్‌లో ఆయన ఇంటికి వెళ్ళేసరికి ఆలస్యమైపోయింది. ఆయన ఫోటోకు దండ వేసి ఉంది. చెప్పుకోవాలనుకున్న మాట ఎవరికీ చెప్పకుండానే తిరిగొచ్చాను.

ఈ ఉదయం నాలుగోసారి కూడా మెషిన్ కీచుమనేసరికి నేను పక్కకు జరిగాను. వరుసలో నా వెనక ఉన్న అమ్మాయి కొత్తగా చేరింది, నాకింకా పేరు కూడా సరిగ్గా తెలియదు. వాచ్‌మన్ పుస్తకం వైపు చెయ్యి చూపింది.

"రాసుకోప్పా, ఈయమ్మ ఉండాది. నాకంటే ముందే వచ్చింది."

ఎవరూ ఆమెను అడగలేదు. తనకేం పోతుందోనని ఆమె లెక్క చూసుకోలేదు. వాచ్‌మన్ తలూపి నా పేరు రాసుకున్నాడు. ఎంత చిన్న మాట అది, ఎంత తేలిగ్గా నోటికొచ్చింది ఆ పిల్లకు. నేను లోపలికి వెళ్ళి కుర్చీలో కూర్చుని, ఎవరికీ కనబడకుండా బొటనవేలిని పిడికిట్లో దాచుకున్నాను.