అలిగే చోటు

మా వదిన ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలోనే నాతో గొడవ పెట్టుకుంది. గొడవంటే మరేం కాదు, కిటికీ కింద ఉండే నా మంచాన్ని అవతలి గోడకు జరిపింది. అడగకుండా జరిపిందని నేను మూతి ముడుచుకుని తిరిగాను. జరిపిన చోట నిద్ర హాయిగా పట్టిందన్న సంగతి మాత్రం చాలాకాలం ఒప్పుకోలేదు. ఆడపడుచునన్నాక ఆమాత్రం బెట్టు లేకపోతే ఎలా.

వదిన ఇంటీరియర్ డిజైనర్. మా ముందు గది తలుపు మీద ఆ మాట రాసిన చిన్న బోర్డు ఉండేది. అన్నయ్య మాత్రం "సామాన్లు జరిపే ఆవిడ" అని స్నేహితులకు పరిచయం చేసేవాడు. చదువైపోయి ఇంట్లో గోళ్లు గిల్లుకుంటున్న నన్ను వదిన తన పనిలో పెట్టుకుంది. ఫోన్లు ఎత్తడం, కర్టెన్ గుడ్డముక్కలూ రంగుల కార్డులూ సర్దడం, కొలతల టేపుకు రెండో కొస పట్టుకోవడం నా ఉద్యోగం. మధ్యాహ్నాలు ఆ గుడ్డముక్కలన్నీ నేల మీద పరుచుకుని ఇద్దరం వాటి మధ్యే కూర్చునేవాళ్లం. వదిన ఏ ముక్కో తీసి నా చెంపకు ఆనించి, "ఇది నీలాగే ఉంది, చూడ్డానికి మెత్తన, ముట్టుకుంటే గరుకు" అనేది. ఇప్పటికీ ఎక్కడైనా కొత్త పెయింటు వాసన తగిలితే నాకు ఆ గదే గుర్తొస్తుంది, కాసేపు ఏ పనీ చేయబుద్ధి కాదు.

కొత్త ఇల్లు ఒప్పుకున్నప్పుడు వదిన సంచిలోంచి టేపు తీయకముందే ఇంట్లోవాళ్లను ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి ఒకే మాట అడిగేది.

"మీరు అలిగితే ఎక్కడ కూర్చుంటారు?"

ముందు అందరూ నవ్వేవాళ్లు. మా ఇంట్లో అలకలవీ లేవండీ అనేవాళ్లు. వదిన నమ్మేది కాదు, ఊరికే చూస్తూ కూర్చునేది. కాసేపటికి ఒక్కొక్కరే బయటపడేవాళ్లు. ఒకావిడ వాషింగ్ మెషిన్ పక్కన స్టూలు మీద అలుగుతుందట. ఒక బ్యాంకు ఆఫీసరు కిందికి దిగి ఆపి ఉన్న కారులో కూర్చుంటాడట, అదీ వెనక సీట్లో. ఆ చోటికి అడ్డంగా బీరువా గానీ సోఫా గానీ రావడానికి వీల్లేదని వదిన పట్టు.

"నవ్వుకునే చోటు ఎలాగూ దొరుకుతుందే. అలిగే చోటు పోతే ఎంత పెద్ద ఇల్లయినా ఇరుకే" అనేది నాతో.

నాకు అప్పట్లో అది చాదస్తంలా తోచేది. ఇప్పుడు తలుచుకుంటే వదిన ఎంత సరిగ్గా చెప్పిందో అర్థమవుతోంది. కోపం ఎవరి మీదైనా వస్తుంది. అలక అలా కాదు, వచ్చి బతిమాలే మనిషి ఉన్నారన్న ధీమా ఉంటేనే వస్తుంది. అందుకే ఆ చోటు ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.

ఆ విషయంలో వదిన కూడా తక్కువ తినలేదు. వంటింటి వెనక మెట్ల మీద, తలుపుకు వీపు పెట్టి కూర్చునేది. అన్నయ్య వెళ్లి ఒక మెట్టు కింద చతికిలబడి ఆఫీసు కబుర్లు మొదలెట్టేవాడు. ఆ కబుర్లు ఎంత చప్పగా ఉండేవంటే, భరించలేక వదినే నవ్వేసేది.

ఏడాది చివరి సెలవులంటే జనానికి విశ్రాంతి, మాకు ప్రాణసంకటం. సెలవులకు అందరి ఇళ్లకూ చుట్టాలొస్తారు. వాళ్లొచ్చేలోగా ఇల్లు మెరిసిపోవాలి. ఆ ఏడు ఒకరి ఇల్లు చూసి ఇంకొకరు, వాళ్లది చూసి మరొకరు మా మీద పడ్డారు. కాదు అనడం వదినకు చేతకాదు. సామాన్లు ముందు గది దాటి హాల్లోకి, హాలు దాటి వంటింట్లోకి వచ్చాయి. చివరికి టైల్స్ పెట్టెలు వెనక మెట్లను కూడా ఆక్రమించాయి. అక్కడ పేర్పించింది వదినే.

నిలబడి తినడం, ఫోను చెవికి ఆనించుకునే జడ వేసుకోవడం, ఇవన్నీ ప్రతి ఏడూ ఉన్నవే. ఆ ఏడు మాత్రం ఇళ్లలో ఆ ప్రశ్న అడగడం మానేసింది. ఎందుకు వదినా అంటే "టైం ఎక్కడిదే" అంది. ఒకరోజు మా పెయింటరు, అందరూ సున్నం బాబాయి అని పిలిచే మనిషి, పడగ్గదికి ఏ తెలుపు వేయమంటారమ్మా అని అడిగాడు.

"ఏదో ఒకటి వేసెయ్ బాబాయ్" అంది వదిన.

బాబాయి బ్రష్షు డబ్బాలో పెట్టేసి నా దగ్గరికొచ్చాడు. "అమ్మకు ఒంట్లో బాగుందా?" అన్నాడు మెల్లగా. ఆయన భయం అర్థం చేసుకోదగ్గదే. తెలుపుల్లోనే ఏ తెలుపన్నది తేల్చడానికి ఆయన్ను పూటంతా నిలబెట్టిన మనిషి వదిన.

అన్నయ్యకు ఇదేమీ పట్టలేదు. "మీ వదిన ఈ మధ్య ఎంత నెమ్మదస్తురాలైందో చూశావా, అలగడమే మానేసింది" అని సంబరపడ్డాడు. మా అన్నయ్య మంచివాడే గానీ మొద్దు.

వదిన అసలు మాట నాతో అంది, గుడ్డముక్కలు మడతపెడుతూ. "ఈ సెలవులు అయ్యాక బోర్డు తీసేస్తానే."

"అలసిపోయావు వదినా, అంతే."

"అలసటైతే పడుకుంటే పోతుంది. ఇష్టంగా లేదు సరే, కష్టంగా కూడా లేదు. ఏ ఇంట్లోకి వెళ్లినా ఏమీ అనిపించట్లేదు."

నాకు భయమేసింది. ఉద్యోగం పోతుందని కాదు. వదిన గొంతులో బాధ కూడా లేదు. ఆ మనిషి నా కళ్లముందే ఎటో వెళ్లిపోతున్నట్టు అనిపించింది.

ఆ తర్వాత ఒక పొద్దున నేను ముందు గదిలోకి వెళ్లేసరికి లెక్కల మాస్టారు కుర్చీలో కూర్చుని ఉన్నారు. మేం అప్పుడే పని పూర్తిచేసి అప్పగించిన ఇంటి పెద్దాయన. ముఖం గోడకేసి తిప్పుకుని ఉన్నారు.

"ఏమైనా రిపేరొచ్చిందా మాస్టారూ?"

"ఏం లేదమ్మా. నీ పని నువ్వు చూసుకో."

టీ ఇస్తే వద్దన్నారు. పేపరిస్తే అక్కర్లేదన్నారు. నాకేం పాలుపోక వదినను పిలుచుకొచ్చాను.

"ఏమైంది మాస్టారూ?" అంది వదిన.

"అలిగాను."

"ఎవరి మీదండీ?"

"మా అబ్బాయి మీద. నన్నొక మాటైనా అడక్కుండా నా రేడియో తీసి అటకెక్కించాడు."

"మరి మా ఇంటికొచ్చి..."

"మా ఇంట్లో ఎక్కడ అలగమంటావు తల్లీ? బాల్కనీ తలుపు పక్కన నా కుర్చీ ఉండేది. ఎప్పుడూ అక్కడే. మా ఆవిడ ఉన్నన్నాళ్లూ వెతుక్కోకుండా నేరుగా అక్కడికే వచ్చేది. నువ్వేమో అక్కడ గాజు షోకేసు పెట్టావు. పోనీ అని నిన్నంతా సోఫాలో కూర్చుని అలిగాను. టీవీ చూస్తున్నాననుకున్నారు."

నాకు నవ్వు ఆగలేదు. వదిన ముఖం చూసి నాలుక కరుచుకున్నాను. వదిన మెల్లగా నేల మీద కూర్చుంది.

"నేను అడగలేదు మాస్టారూ. మీ ఇంట్లో ఎవర్నీ ఆ మాట అడగలేదు" అంది. అంటూనే ఏడ్చేసింది. మాస్టారు కంగారుపడ్డారు.

"అదేంటమ్మా, అలిగింది నేనైతే నువ్వేడుస్తావు? మొగుడితో ఏమన్నా గొడవా? అలాగైతే నువ్వూ ఎక్కడో ఒకచోట కూర్చో, అతనే వస్తాడు."

"నాకూ చోటు లేదండీ" అంది వదిన.

ఆ పూటే వదిన, నేను, సున్నం బాబాయి మాస్టారి వెంట వాళ్లింటికి వెళ్లాం. షోకేసును నడవాలోకి జరిపించి, స్టోర్ రూములో పడేసిన కుర్చీని వదినే తుడిచి బాల్కనీ తలుపు పక్కన వేసింది. మాస్టారు అందులో కూర్చుని ముఖం గోడకు తిప్పుకున్నారు, అలక ఎక్కడ ఆపారో అక్కడినుంచే మొదలుపెట్టారు. కాసేపటికి వాళ్లబ్బాయి రేడియో పట్టుకుని వచ్చి పక్కన నిలబడ్డాడు.

ఇంటికొచ్చాక వదిన ఫోను తనే తీసుకుంది. మొదలుపెట్టిన ఇళ్లు పూర్తిచేస్తాననీ, మిగతావి సెలవులయ్యాకేననీ చెప్పింది. "మా చుట్టాలొచ్చేస్తారండీ" అని ఒకాయన గొంతు చించుకున్నాడు. "రానివ్వండి. వాళ్లు మీకోసం వస్తున్నారు గానీ గోడలకోసం కాదుగా" అంది వదిన. ఆయన వేరే డిజైనరును పెట్టుకున్నాడు, మళ్లీ మా గడప తొక్కలేదు. ఒప్పుకున్నవి పూర్తయ్యేసరికి సెలవులొచ్చాయి. వదిన టైల్స్ పెట్టెలన్నీ పంపించేసి రోజుల తరబడి నిద్రపోయింది. లేచినప్పుడు తినేది, కిటికీలోంచి చూసేది, మళ్లీ పడుకునేది. బోర్డు సంగతి ఎత్తలేదు. నేనూ అడగలేదు. అడిగితే తీసేస్తానంటుందేమోనని భయం.

ఒక సాయంత్రం అన్నయ్య ఎవరో స్నేహితుడింటికి వెళ్లొచ్చాడు. చెప్పులు విప్పుతూనే, "వాళ్ల హాలు ఎంత బాగుందనుకున్నావు, అంత మంచి కర్టెన్లు నేనెక్కడా చూళ్లేదు" అన్నాడు. ఆ హాలు చేసింది మా గడప తొక్కడం మానేసిన పెద్దమనిషి పెట్టుకున్న డిజైనరే. వదిన లేచి వంటింట్లోకి వెళ్లింది. అన్నయ్య కాళ్లు కడుక్కుని వచ్చి కంచం ముందు కూర్చున్నాడు.

"మీ వదినేది?"

"వెనక మెట్ల మీద."

"ఈ వేళప్పుడు అక్కడేం చేస్తోంది?"

"అలిగింది" అన్నాను.

అన్నయ్య కంచం మీంచి లేచాడు. "నిజంగానే?" అన్నాడు, ఎవరికో ఒంట్లో నెమ్మదించిందని కబురు విన్నవాడిలా. చేయైనా కడుక్కోకుండా వెళ్లి ఒక మెట్టు కింద చతికిలబడ్డాడు. ఆ కర్టెన్లు అసలు బాగాలేవన్నాడు, తనకు చత్వారమొచ్చిందన్నాడు, ఆఫీసు కబుర్లు మొదలెట్టాడు. వదిన ఇటు తిరగలేదు. అన్నం చల్లారిపోయింది. నేను తలుపు చాటున కళ్లు తుడుచుకుంటూ నిలబడి, ఇంకాసేపు బతిమాలించుకో వదినా, అప్పుడే నవ్వకు అనుకున్నాను.