చుక్కయ్యను చూడ్డానికి ఎడపల్లి బత్తాయి తోటకు

నిజామాబాద్ నుంచి బోధన్ దారిలో ఒక రోజు తిరిగి వద్దామనుకునేవాళ్లు చెరువులూ చెరకు పొలాలూ చూసి వస్తారు. నేను మాత్రం పందొమ్మిది వందల అరవైల చివర్లో, చలి వెనక్కి తగ్గుతున్న రోజుల్లో, ఒక దుప్పిని చూడ్డానికి ఆ దారి పట్టాను. అప్పట్లో నిజామాబాద్‌లో ఒక ఆడపిల్లల బడిలో కుట్టుపని నేర్పే టీచరుగా ఉండేదాన్ని. నేనూ అన్నయ్యా కలిసి ఒక అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. నాకు కరీంనగర్‌కు బదిలీ అయింది. సామాను సర్దే ముందు చుక్కయ్యను ఒక్కసారి చూసి రావాలనిపించింది.

చుక్కయ్య మా ఇంట్లో పెరిగిన దుప్పి. చెరకు నరుకుతుంటే కూలీలకు దొరికిన పిల్లను అన్నయ్య స్నేహితుడు తెచ్చి మా వాకిట్లో దించాడు. అడవి జంతువును ఇంట్లో పెంచడం తప్పని ఆ రోజుల్లో మాకెవరికీ తోచలేదు. సీసాతో మేకపాలు పట్టి బతికించాను. ఒకసారి అన్నయ్యకు జ్వరమొస్తే బత్తాయిలు ఒలిచి తొక్కలు వాకిట్లో పడేశాను. కాసేపటికి వచ్చి చూస్తే ఒక్క తొక్క లేదు, చుక్కయ్య మూతి నాక్కుంటున్నాడు. పులుపు మనుషులకే గానీ జంతువులకు సయించదని అప్పటిదాకా అనుకునేదాన్ని. ఆ తర్వాత బత్తాయి, నారింజ, దబ్బకాయ, ఏది ఒలిచినా సరే, పెరట్లో ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చి నా అరచేతిలో మూతి పెట్టేవాడు. బడిపిల్లలను ఇంటికి పిలిచి మరీ ఆ వింత చూపించి మురిసిపోయేదాన్ని.

రెండో ఏడు కొమ్ములు వచ్చాయి. ఇంటి యజమానులు ఆరబోసుకున్న పసుపంతా తొక్కి చెల్లాచెదురు చేశాడు. ఒకరోజు ఆటగా తల విసిరితే అన్నయ్య మోచేయి చీరుకుపోయింది. ఇక ఉంచడానికి లేదన్నాడు అన్నయ్య. మాకు పళ్లమ్మే మునీర్ సాబ్‌కు ఎడపల్లి దగ్గర తోట ఉంది, దాని వెనక చిట్టడవి. ఆయన భార్య జైనబ్ బీ, మేకలతో పాటు కట్టేసి పెంచుకుంటాను, మా ఇంటికి పంపమని కబురు చేసింది. నేను ఒప్పుకోలేదు. అడవిలో పుట్టినవాడు అడవిలోనే తిరగాలి, తాడు కట్టొద్దు అని మునీర్ సాబ్ దగ్గర మాట తీసుకుని బండి ఎక్కించాను. పరీక్షల రోజులని నేను వెంట వెళ్లలేదు. ఆ తర్వాత వారం వారం ఆయన పళ్ల బండితో పట్నానికి వచ్చినప్పుడల్లా అడిగేదాన్ని. "మంచిగున్నడు బేటీ" అనేవాడు.

ఆదివారం పొద్దున ఏడున్నరకు బోధన్ బస్సు ఎక్కాను. టిక్కెట్టు అర్ధరూపాయి లోపే. దూరం పెద్దగా లేదు గానీ చెరకు బళ్లు దారంతా బారులు తీరి ఉండటంతో గంట పైనే పట్టింది. ఆ కాలంలో వెళ్లేవాళ్లు కుడివైపు కిటికీ దగ్గర కూర్చునేవాళ్లు కాదు, బళ్ల దుమ్మంతా మొహం మీదే. పక్కన బోధన్ అంగడికి వెళ్తున్న ఇద్దరు ఆడవాళ్లు మరాఠీలో ధరల గురించి వాదించుకుంటున్నారు. నా సంచిలోని నారింజల వాసనకు ఒకామె తిరిగి చూసి నవ్వింది. ఆమెకొకటి ఇచ్చి, మిగిలిన అయిదూ చుక్కయ్యకని దాచుకున్నాను.

ఎడపల్లిలో దిగాక తోటకు రెండు మైళ్ల మట్టిబాట. చెరకు దింపి ఖాళీగా తిరిగివస్తున్న బండివాడు నన్ను చూసి ఎద్దులను ఆపాడు.

"యాడికక్కా?"

"మునీర్ సాబ్ తోటకు."

"ఎక్కు. నేను గటే పోతున్న."

కాసేపటికి, ఆ తోట దగ్గర తిరిగే దుప్పిని ఎప్పుడైనా చూశావా అని అడిగాను.

"సూడకేంది! ఓపాలి నా సద్దిమూటల నిమ్మకాయ తొక్కు ఉంటె మూటకే మూతివెట్టింది. మనిషంటె బెదురే లేకుండె దానికి."

నేను మురిసిపోయి నవ్వాను. అతను "లేకుండె" అన్నాడు, "లేదు" అనలేదు. ఆ తేడా అప్పుడు నా చెవికెక్కలేదు. డబ్బులివ్వబోతే తీసుకోలేదు. తోట మలుపులో దింపి, నా మొహంలోకి చూడకుండానే ఎద్దులను అదిలించాడు.

మునీర్ సాబ్ పాదులు సరిచేస్తున్నాడు. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు.

"సెప్పకుంట వచ్చినవ్ బేటీ."

"చుక్కయ్యను చూసి పోదామని. ఏ పూట వస్తాడు ఇటువైపు?"

"ముందుగాల తోట సూడు. ఇంత దూరం వచ్చినవ్ గద."

అలా నన్ను చెట్టు చెట్టుకూ తిప్పాడు. నిజంగా చూడాల్సిన తోటే. ఒక బత్తాయి చెట్టు కింద సగం కొరికిన కాయలు పరిచినట్టు పడి ఉన్నాయి. "కోతులు. ఒకటి తిని నాలుగు పారేస్తయి" అన్నాడు. చిలకలు కాయకు చిల్లు పొడిచి గింజల కోసం వెతుకుతాయట. గబ్బిలాలు రసం పీల్చి పిప్పి ఉమ్మేస్తాయని ఎండిన పిప్పి ఉండలు చూపించాడు. కొండముచ్చులు పండు కన్నా లేత చిగుళ్లనే ఎక్కువ పాడుచేస్తాయి. రాలిన కాయల కోసం ఏదుపంది వస్తుందని చెప్పి, చెట్టు మొదట్లో దొరికిన ముల్లొకటి నా చేతికిచ్చాడు. గట్టు దగ్గర కట్టేసిన బర్రె ముందు నిమ్మకాయ పెడితే అది మొహం తిప్పుకుంది. మేకపిల్ల వచ్చి తొక్కతో సహా నమిలేసింది. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. అడిగినదానికల్లా ఓపికగా జవాబు చెబుతున్నాడు గానీ, చుక్కయ్య పేరెత్తితే ఇంకో చెట్టు దగ్గరికి నడుస్తున్నాడు.

తోట చివర కంచె దగ్గర నేను ఆగిపోయాను. సంచిలోంచి ఒక నారింజ తీసి ఒలవడం మొదలుపెట్టాను. ఎప్పటిలాగే వాసనకు వస్తాడని.

మునీర్ సాబ్ నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఒలవకు బేటీ. రాడు. నాలుగు నెలలాయె."

ఆయనే చెప్పాడు. ఎక్కడి నుంచో నలుగురు వేటకు వచ్చారట. చెరువు గట్టు మీద జీపు ఆపుకుని, ఎండ తగ్గేదాకా నారింజలు తింటూ కూర్చున్నారట.

"వాసనకు పోయిండు. వాళ్లు ఎతకనే లేదు. తుపాకి సప్పుడు ఇని ఉరికిన, అప్పటికే అయిపోయింది. ఇది పెంచిన జీవమని ఏడ్సిన. 'మాకెట్ల తెలుస్తది పెద్దమనిషీ? మెడల తాడు లేకపాయె, గంట లేకపాయె' అన్నరు. ఏమంట బేటీ? నిజమే గద."

చుక్కయ్య మెడలో ఇత్తడి గంట ఒకటి ఉండేది. బండి ఎక్కించే ముందు, అడవిలో తిరిగేవాడికి గంటేమిటని, బట్టలు కత్తిరించే కత్తెరతో దాని తాడు నేనే కోసేశాను. వీధిలోవాళ్లు చూస్తుంటే ఏదో గొప్ప పని చేస్తున్నట్టు చేశాను.

"మరి వారం వారం బాగున్నాడని..." అన్నాను.

"సెప్పలేకపోయిన. నువ్వు నవ్వుకుంట అడిగేదానివి. వచ్చే వారం సెప్తా, వచ్చే వారం సెప్తా అనుకున్న."

ఇంటి దగ్గర జైనబ్ బీ జొన్నరొట్టెలూ పుల్లటి పప్పూ చేసి పెట్టింది. ముద్ద దిగకపోయినా కూర్చున్నాను. ఆమె నా ఎదురుగా కూర్చుని విసనకర్రతో ఈగలు తోలుతోంది. కాసేపటికి తనే అంది:

"పొద్దుగూకంగనే గీ మేకల కొట్టంలకే వచ్చి పండుకునేటోడు. మేం పిలువలే, కట్టలే. ఒక్కనాడు గూడ అడవిల పండుకోలే."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. పిల్లవాడి సంగతి తల్లికి చెప్పినట్టు చెప్పింది. కొట్టంలో మేకల గుంజల పక్కన ఇంకో కొత్త గుంజ పాతి ఉంది. దానికి ఏమీ కట్టి లేదు. ఎవరి కోసం పాతిందో అడగాల్సిన పని లేకపోయింది. ఆమె కట్టేసుకుంటానన్నది పెంచుకోవడానికేనని, నేను వద్దన్నది పుస్తకాల్లో చదువుకున్న మాట పట్టుకునేనని అప్పుడు అర్థమైంది. నీ మాట నేను వినాల్సింది, జైనబ్ బీ, తప్పు నాది, అనాలనుకున్నాను. చదువుకున్నదాన్ని, టీచరమ్మనని ఆ ఊళ్లో నాకో గౌరవం. అది అడ్డమొచ్చింది. చేయి కడుక్కుని, మిగిలిన నారింజలు మేకలకు వేసి, మూడింటి బస్సు అందుకోవాలని లేచాను. మునీర్ సాబ్ ఎడపల్లి దాకా బండిలో దింపాడు. అబద్ధం చెప్పినందుకు ఆయన క్షమించమన్నాడు. ఆయనను క్షమించాను గానీ, నన్ను క్షమించమని నేను ఎవరినీ అడగలేదు.

నాలుగేళ్ల తర్వాత ఆ దారిలో మళ్లీ దిగాను. తోట లేదు, చెరకు వేశారు. ఆ కుటుంబం బోధన్‌కు వెళ్లిపోయిందన్నారు. వెతుక్కుంటూ వెళ్తే మునీర్ సాబ్ కనబడ్డాడు. జైనబ్ బీ పోయి అప్పటికి ఏడాది. ఆమెతో అనాల్సిన మాట ఆయనతో అన్నాను. ఆయన చాలాసేపు విని, "ఆమె నిన్నెన్నడూ ఒక్క మాట అనలేదు బేటీ" అన్నాడు. నన్ను ఓదార్చడానికే అన్నాడని తెలుసు. ఇంటికొచ్చాక ఆ మాటే ఎక్కువ బాధపెట్టింది. తిట్టి ఉంటే ఆ రోజే జవాబు చెప్పుకునేదాన్నేమో. జంతువుకు ఏది మంచిదో నాకే తెలుసనుకున్నాను. తోటకు చేరాక దాన్ని రోజూ కళ్లతో చూస్తున్న మనిషిని అడగలేదు. ఇన్నేళ్ల తర్వాత కూడా నా పశ్చాత్తాపమంతా ఆ అడగకపోవడం దగ్గరే ఆగిపోతుంది.

మీరు ఆ దారిలో వెళ్తే పొద్దున మొదటి బస్సుకే వెళ్లండి. గట్ల మీద, తోటల అంచున కోతులో దుప్పులో మీ చేతిలోని పండు కోసం దగ్గరికొస్తే మాత్రం పెట్టకండి. గట్టిగా చప్పట్లు కొట్టి తరిమేయండి. మనసొప్పదు, ముద్దొస్తాయి. అయినా తరిమేయండి. మీ తర్వాత అక్కడికి వచ్చే మనిషి ఎలాంటివాడో మీకు తెలియదు.