గుండె ఆగేదాకా

ఆసుపత్రి వంటగది నుంచి వార్డులకు భోజనం బండి తోసే ఆవిడను అందరూ సైరన్ అనేవారు. ఎదురుగా పిలిచే ధైర్యం ఉన్నవాళ్ళు సైరనక్క అనేవారు. లిఫ్టు దగ్గర ఎవరైనా బండికి అడ్డం నిలబడితే ఆవిడ గొంతు పై అంతస్తు దాకా వినబడేది. ముక్కు మీద కోపం అంటారు గానీ, ఈవిడకు కోపం ఒళ్ళంతా ఉండేది. రోగి ఎవరైనా మొహం తిప్పుకుని పళ్ళెం పక్కకు నెడితే, "ఈ అలక మీ ఇంటికెళ్ళాక చూపించండి, నా దగ్గర కుదరదు" అని మళ్ళీ ముందుకు జరిపేది. వాళ్ళు నాలుగు ముద్దలు తిన్నాకే అక్కణ్ణుంచి కదిలేది. తిట్టి తినిపించే మనిషిని రోగులు తలచుకుంటారని నర్సులే చెప్పేవారు.

ఆవిడ జీవితంలో చెప్పుకోదగ్గ గొప్పలేమీ లేవు. తల్లి పోయేనాటికి చెల్లెలు తన జడ తాను వేసుకోలేని పిల్ల. చదువు మధ్యలో వదిలేసి సైరన్ ఆసుపత్రి వంటగదిలో చేరింది. గిన్నెలు తోమింది, కూరగాయలు తరిగింది, చివరికి బండి చేతికొచ్చింది. ఈలోగా పెళ్ళయింది, కూతురు పుట్టింది. మొగుడు లారీ నడుపుతాడు, వెళితే వారాల తరబడి కనిపించడు. అందుకే కాపురం నిలబడిందని తోటి వంటవాళ్ళు ఎగతాళి చేస్తే ఆవిడ కూడా కలిసి నవ్వేది.

కూతురు ఇంకా పాలు మానకముందే ఆవిడకు మళ్ళీ నెల తప్పింది. అప్పటికింకా కడుపు తీయించుకోకూడదనే చట్టం రాలేదు. ఒక పొద్దున తను పనిచేసే ఆసుపత్రిలోనే కింది అంతస్తుకు వెళ్ళి, నాకిప్పుడు వద్దు అని చెప్పి, పని పూర్తి చేయించుకుని, ఇంటికొచ్చి దుప్పటి కప్పుకుని పడుకుంది. ఏడవలేదు. ఏడ్చినవాళ్ళను తప్పు పట్టనూ లేదు. బాధగా లేదా అని చెల్లెలు భయంభయంగా అడిగితే, ఊపిరాడుతోంది, అది చాలు అంది. తర్వాత ఆ సంగతిని ఆవిడ దాచుకున్నదీ లేదు, చాటుకున్నదీ లేదు. పన్ను పీకించుకున్నదాన్ని ఎవరూ జీవితాంతం సంజాయిషీ అడగరు కదా, ఇదెందుకు అడగాలి అనేది ఆవిడ వాదన.

కొన్నేళ్ళకు చట్టం వచ్చింది. కడుపులో గుండె కొట్టుకుంటున్నంతసేపూ ఎవరూ చెయ్యి వేయకూడదు. వేసిన డాక్టరుకు జైలు. తల్లి ప్రాణం మీదికి వస్తే మాత్రం మినహాయింపు ఉందన్నారు. ప్రాణం మీదికి రావడమంటే ఎంతవరకు రావాలో మాత్రం ఎక్కడా రాయలేదు. రాసినవాళ్ళలో ఒక్కడూ ఏనాడూ నెల తప్పిన పాపాన పోలేదు. వంటగదిలో టీవీ చూస్తూ గిన్నెలు తోమే ఆయన మంచి పని చేశారని తలాడించాడు. పిల్లల్ని ఇచ్చేది పైవాడు, కాదనడానికి మనమెవరం అన్నాడు.

సైరన్ గరిటె పట్టుకుని వెనక్కి తిరిగింది. "నీ పొట్టలో పుండొస్తే కోయించుకోడానికి నేను ఓటెయ్యాలా? మరి నా కడుపు సంగతి నీకెందుకయ్యా?"

ఆయన నోరు మూసుకున్నాడు. బయట మాత్రం ఎవరి నోరూ మూతపడలేదు. కడుపు గురించి ఒక్కసారి కూడా ఆలోచించనక్కర్లేని మగవాళ్ళు దాని గురించి రోజంతా మాట్లాడారు.

చెల్లెలు అక్కకు పూర్తిగా భిన్నం. నోట్లో నాలుక లేని మనిషి. పళ్ళ డాక్టరు దగ్గర రోగులను వరసగా లోపలికి పిలిచే ఉద్యోగం. ఆవిడ పిలుపు రెండో కుర్చీలో వాళ్ళకు కూడా సరిగా వినిపించేది కాదట. పెళ్ళయిన చాలా ఏళ్ళకు, ఇక పుట్టరేమో అనుకున్నాక, నెల తప్పింది. ఆ రోజు అక్కకు ఫోన్ చేసి మాట రాక ఫోన్లోనే వెక్కివెక్కి ఏడ్చింది. సైరన్ ఆ వారమంతా ఎవరి మీదా అరవలేదు. వార్డులో వాళ్ళు ఆవిడకు ఒంట్లో బాగాలేదనుకున్నారు.

వద్దనుకున్నదీ ఆడదే, కావాలని ఏళ్ళ తరబడి ఎదురు చూసిందీ ఆడదే. చట్టం ఇద్దరికీ కలిపి ఒకే తాళం వేసి, తాళంచెవి కోర్టులో పెట్టుకుంది. అది తన చెల్లెలి దాకా వస్తుందని సైరన్‌కు కలలో కూడా తోచలేదు. ఇష్టపడి మోస్తున్నవాళ్ళ జోలికి చట్టం ఎందుకొస్తుందిలే అనుకుంది. అందరూ అలాగే అనుకున్నారు.

ఐదో నెలలో చెల్లెలికి ఉమ్మనీరు పోయింది. చెల్లెలి మొగుడు ఆటోలో తీసుకొచ్చి అక్క పనిచేసే ఆసుపత్రిలోనే చేర్చాడు. చూసింది డాక్టరమ్మ. ఈ డాక్టరమ్మను సైరన్‌కు ఏళ్ళుగా తెలుసు. మనిషి మంచిది. పురిటినొప్పులు పడేవాళ్ళ చెయ్యి పట్టుకుని పక్కనే నిలబడేది. సైరన్‌కు ఎదురుతిరిగి పోట్లాడి, మళ్ళీ తనే వచ్చి టీ అడిగేది. ఆ మంచి డాక్టరమ్మే మంచం పక్కన కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పింది. బిడ్డ బతకదు. కడుపు ఇప్పుడే ఖాళీ చెయ్యాలి, ఆలస్యమైతే తల్లి ఒంట్లోకి విషం ఎక్కుతుంది. కానీ గుండె ఇంకా కొట్టుకుంటోంది.

"కొంచెం ఆగుదాం," అంది.

దేనికోసం ఆగాలని మరిది అడిగాడు. ఆగాల్సింది రెంటిలో ఒకదాని కోసం. లోపల బిడ్డ గుండె ఆగాలి, లేదా తల్లి చావుకు దగ్గర పడాలి. ఏది ముందు జరిగితే దానికోసం. ఆ మాట నోటితో అనడానికి చదువుకున్నవాళ్ళకు సిగ్గేసింది గానీ, చేయడానికి ఎవరికీ సిగ్గు లేకపోయింది.

ఆసుపత్రిలో ఒక పద్ధతి ఉంది. ఆపరేషన్ కావలసిన మనిషి మంచానికి పొద్దున్నే ఎర్ర కార్డు తగిలిస్తారు. కార్డు ఉన్న మంచం దగ్గర భోజనం బండి ఆగకూడదు, మంచినీళ్ళు కూడా ఇవ్వకూడదు. కడుపులో తిండి ఉంటే మత్తు ఇవ్వడం ప్రమాదం. మామూలుగా ఆ కార్డు ఒక పూట ఉంటుంది, ఆపరేషన్ అయ్యాక తీసేస్తారు. చెల్లెలి మంచానికి అది రోజూ తగిలించారు. ఏ క్షణాన గుండె ఆగుతుందో, ఏ క్షణాన చట్టం ఒప్పుకునేటంత జబ్బు చేస్తుందో తెలియదు కాబట్టి సిద్ధంగా ఉంచాలట. సాయంత్రం ఇవాళ్టికి లేదని తేల్చి కార్డు తీసేవారు. అప్పటికి వంటగది కట్టేసేవారు, చల్లారిన పళ్ళెం ఒకటి మిగిలేది. కడుపులో బిడ్డ మీద ఇంత ప్రేమ కురిపించిన దేశంలో ఒక గర్భిణిని పగలంతా పస్తు పడుకోబెట్టారు. అందరికీ తినిపించే సైరన్ ఆ గది ముందు ఆగకుండా బండి తోసుకుంటూ పోవలసి వచ్చింది. పళ్ళు కొరుక్కుంటూ పోయింది.

పొద్దునా సాయంత్రమూ నర్సు వచ్చి పొట్ట మీద మిషను పెట్టి గుండె చప్పుడు వినేది. కొత్త రూలు ప్రకారం తల్లికి కూడా వినిపించాలి. గదంతా ఆ చప్పుడు నిండేది. చెల్లెలు దిండు చెవులకు నొక్కుకుని గోడవైపు తిరిగేది. చెల్లెలి అత్తగారు మాత్రం చేతులు జోడించి, ఎంత గట్టిగా కొట్టుకుంటోందో చూడండి, ఏమో, ఏదన్నా అద్భుతం జరుగుతుందేమో అనేది. ఆవిడ చెడ్డది కాదు, మనవడి మీద ఆశ చావలేదు. అయినా సరే ఆ నోటికి ప్లాస్టరు వేయాలనిపించింది సైరన్‌కు.

అలా రోజులు గడుస్తుండగా ఒక మధ్యాహ్నం డాక్టరమ్మ వరండాలో ఎదురైంది. ఇవాళ కూడా లేదు అని సాయంత్రం దాకా ఆగకుండా తనే చెప్పింది. ఆసుపత్రి లాయరును అడిగారట, ఇంకా జ్వరం రాలేదు కదా, తొందరేముంది అన్నాడట. సైరన్ బండి అక్కడే వదిలేసి గదిలోకి వెళ్ళింది. కార్డు ఇంకా మంచానికే ఉంది. తీయాల్సిన నర్సు మరో వార్డులో చిక్కుకుపోయింది.

"అక్కా, ఆకలేస్తోంది," అంది చెల్లెలు. చిన్నప్పటి నుంచీ ఆ పిల్ల నోరు తెరిచి ఏదైనా అడిగిందంటే అది అక్కనే.

సైరన్ కార్డును గోడవైపు తిప్పేసింది. బండిలోంచి వేడి సూపు, రొట్టె, ఉడికించిన గుడ్డు తెచ్చింది. ఇవాళ లేదని డాక్టరే చెప్పాక ఇంకెవరి అనుమతి కావాలి? చెల్లెలు రెండు చేతులతో గిన్నె పట్టుకుని గుక్క తిప్పుకోకుండా తాగింది. మూతి తుడుచుకుని, ఉప్పు తక్కువైంది అంది. ఇద్దరూ నవ్వుకున్నారు.

కాసేపటికే చెల్లెలికి వణుకు మొదలైంది. మంచం ఊగిపోయేటంత వణుకు. కంబళ్ళు కప్పారు, పెదాలు నీలంగా మారాయి, పిలిస్తే పలకడం మానేసింది. అప్పుడు పరుగెత్తుకొచ్చారు అందరూ. అన్నాళ్ళూ ఆగిన డాక్టర్లు ఒక్కసారిగా అక్కడ కనిపించారు. ఇప్పుడు చట్టానికి సరిపోయేటంత జబ్బు చేసింది మరి. మత్తు డాక్టరు ఎప్పుడు తిన్నారని అడిగాడు. చెల్లెలు చెప్పే స్థితిలో లేదు. ఇందాకే నేను పెట్టానని సైరన్ చెప్పింది. ఆయన మొహం మాడ్చుకున్నాడు. ఏం చేద్దామని ఒకరినొకరు అడుగుతూ, తలుపు దగ్గర కాసేపు వాదించుకున్నారు. ఆ కాసేపూ సైరన్ గోడకు ఆనుకుని నిలబడింది. తన చేతులను తనే నరుక్కోవాలనిపించింది. తర్వాత ఎలాగో లోపలికి తీసుకెళ్ళారు.

చెల్లెలు బతికింది. గర్భసంచి తీసేశారు. విషం అప్పటికే దాని నిండా పాకిందట.

విచారణ అన్నారు. పెద్ద గదిలో ఆసుపత్రి పెద్ద, లాయరు, మత్తు డాక్టరు, చివరి కుర్చీలో డాక్టరమ్మ. సైరన్‌ను నిలబెట్టి అడిగారు. కార్డు చూశావా? చూశాను. అయినా పెట్టావా? పెట్టాను. అంతే, వాళ్ళకు కావలసింది దొరికింది. వంటగది ఉద్యోగి నిర్లక్ష్యం వల్ల ఆపరేషన్ ఆలస్యమైందని, ఆ ఆలస్యం వల్లే గర్భసంచి పోయిందని పెద్దాయన తేల్చేశాడు. చట్టం మచ్చ లేకుండా బయటపడింది. డాక్టర్లు బయటపడ్డారు. ఇరుక్కున్నది ఒక గిన్నెడు సూపు.

సైరన్ అరుస్తుందని అందరూ భయపడ్డారు. ఆవిడ అరవలేదు. "అది తిన్నందుకు పోయింది కాసేపే. ఉమ్మనీరు పోయిన రోజు నుంచీ అన్ని రోజులు ఆపారే, ఆ ఆలస్యం ఎవరి పళ్ళెంలో వేస్తారు?" అని అడిగింది.

డాక్టరమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. సైరన్‌ను ఉద్యోగంలోంచి తీసేశారు.

ఉద్యోగం పోయినందుకు ఆవిడ అంతగా బాధపడలేదు. గొంతులో ముద్ద దిగకపోవడమే బాధ. చెల్లెల్ని తన ఇంటికే తెచ్చుకుంది. వండి పెట్టేది, తను తినేది కాదు. చూడ్డానికి వచ్చిన అత్తగారు, ఆ రోజు ఆ తిండి పెట్టకుండా ఉంటే బాగుండేదమ్మా అని నిట్టూర్చి వెళ్ళింది. సైరన్ తిరిగి ఒక్క మాట అనలేదు. అనాలంటే తన మీద తనకు నమ్మకం ఉండాలి. ఒకవేళ ఆ కాసేపే కొంప ముంచిందేమో? నా చేత్తో నేనే దాని సంచి కోయించానేమో? అంతటి నోరున్న మనిషి ఈ రెండు ప్రశ్నల దగ్గర మూగదైపోయింది. చట్టం చేసిన అన్ని పాపాల్లోకీ ఇదే నీచమైనది. ప్రేమతో తినిపించినదాన్ని దోషిని చేసింది.

ఒక ఆదివారం పొద్దున డాక్టరమ్మ తనంతట తానుగా ఇంటికొచ్చింది. పళ్ళ సంచి తెచ్చింది. సైరన్ లోపలికి రమ్మంది గానీ కూర్చోమనలేదు. డాక్టరమ్మ నిలబడే చెప్పింది.

"సైరనక్కా, ఆ తిండి వల్ల కాదు. విషం ముందురోజే ఎక్కడం మొదలైంది, తర్వాత రిపోర్టులు చూస్తే తెలిసింది. నువ్వు పెట్టకపోయినా అదే జరిగేది. నీకీ మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు."

సైరన్ తలుపు పట్టుకుంది. ఆ మాట కోసం ఎన్ని రోజులు తిండి మానేసిందో! ఆ ఊరట ఒక్క క్షణం నిలిచింది.

"ఇది మా ఇంట్లో చెప్తున్నారు. ఆ గదిలో ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే, మరి ముందురోజే ఎందుకు చెయ్యలేదని నన్నడుగుతారు. చేసుంటే జైలు. నాకు ఇద్దరు పిల్లలున్నారక్కా."

"నా చెల్లెలికి ఇక ఉండరు," అంది సైరన్. "మీ భయం నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన దాన్ని నెత్తిన పెట్టుకోలేను. మీరు చేసింది నేను క్షమించను, మీకు నిద్ర పట్టినా పట్టకపోయినా."

డాక్టరమ్మ కళ్ళు తుడుచుకుంది. అంతలో లోపలి గదిలోంచి చెల్లెలు గోడ పట్టుకుంటూ వచ్చింది. ఎప్పటి నుంచి వింటోందో, అంతా విన్నట్టే ఉంది. డాక్టరమ్మ మొహంలోకి సూటిగా చూసింది. ఆవిడ ఎవరినీ అలా చూసి ఎరగదు.

"రేపు నాలాంటిదే ఇంకొకావిడ వస్తుంది. ఉమ్మనీరు పోయి, లోపల గుండె కొట్టుకుంటూ. ఆవిడకేం చెప్తారు?"

గొంతు ఎప్పటిలా సన్నగానే ఉంది, కానీ ప్రతి మాటా వినబడింది. డాక్టరమ్మ పళ్ళ సంచిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. ఒక్కటి మాత్రం నిజం, ఆ రోజు ఆవిడ అబద్ధం చెప్పలేదు.

"ఆగమంటానమ్మా," అంది.

సైరన్ వీధి తలుపు బార్లా తెరిచి పట్టుకుంది.