షికాగోలో మాడిన పోపు

దయ్యాల మాట ఎత్తితే నవ్వేసే రకం నేను. హాస్టల్లో గజ్జెల చప్పుడు వినిపిస్తోందని అందరూ దుప్పట్లు కప్పుకుంటే, నీళ్ల మోటారు చెడిపోయినట్టుందని వార్డెన్‌కి చెప్పి వచ్చినదాన్ని. అందుకే ఇది రాయడానికి ఏడాది పట్టింది. పైగా ఇందులో చనిపోయినవాళ్లెవరూ లేరు.

అమెరికాలో ఎమ్మెస్ చేసే రోజుల్లో నేను, స్వప్న, దీప్తి, గ్రేస్ ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. వంటకి టర్న్‌లు. గ్రేస్ టర్న్ అంటే అందరికీ హడలే. ఒంగోలు పిల్ల, మంచి గొంతు. పొయ్యి మీద నూనె పెట్టి, ఆదివారం చర్చిలో పాడాల్సిన పాట సాధన చేస్తూ లోకం మరిచిపోయేది. ఎండుమిరపకాయలు బొగ్గయ్యేవి. ఆ ఘాటుకి పొగ అలారం మోగేది. కిటికీలు బార్లా తెరిచి, దగ్గుకుంటూ, చెప్పులైనా లేకుండా మంచులోకి పరిగెత్తేవాళ్లం. దాన్ని తిడుతూనే నవ్వేవాళ్లం. ఆ నవ్వులు తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది.

పదేళ్లు గడిచాయి. తలో ఊళ్లో స్థిరపడ్డాం. నేను బెంటన్‌విల్‌లో, స్వప్న, దీప్తి ఫ్రిస్కోలో, గ్రేస్ శాన్ రామన్‌లో. పిల్లల్ని మొగుళ్లకి అప్పజెప్పి మూడు రోజులు షికాగో వెళ్దామని స్వప్న ప్లాన్ వేసి, కొత్త వాట్సాప్ గ్రూప్ పెట్టింది. అందులో గ్రేస్ లేదు.

ఆ ఏడాదే గ్రేస్‌కి విడాకులయ్యాయి. ఫోన్ ఎత్తితే ఏడుపే. "అది వస్తే ట్రిప్పంతా ఓదార్పులకే సరిపోతుంది," అంది స్వప్న. నేను కాదనలేదు. నిజం చెప్పాలంటే, నాకూ అదే హాయిగా అనిపించింది.

నవంబరు. రెండో రోజు, శనివారం, ఉదయమంతా సరస్సు ఒడ్డున తిరిగాం. గాలికి ముఖాలు మొద్దుబారిపోయాయి. మధ్యాహ్నం రెండింటికి, అద్దెకు తీసుకున్న ఫ్లాట్‌కి వచ్చి, హీటర్ బాగా పెంచి, పాత రోజుల్లోలాగే హాల్లో ఒకే దుప్పటి కింద పడుకున్నాం. దీప్తి తలనొప్పి అంది. నాకూ కాస్త వికారంగా ఉంది. చలిగాలి వల్లేమో అనుకున్నాం.

ఘాటుకి మెలకువ వచ్చింది. మాడిన మిరపకాయల ఘాటు. గొంతులో గుచ్చుకుని ఊపిరాడనివ్వలేదు. దీప్తి కూడా దగ్గుతోంది. కళ్లు తెరవకుండానే, "ఏందే ఈ ఘాటు? గ్రేసూ, మళ్ల మాడగొట్టినవా?" అంది.

ఆ క్షణంలో నాకది వింతగా అనిపించనేలేదు. పాత అలవాటే కాళ్లు చేతుల్ని నడిపించింది. తల తిరుగుతున్నా పాక్కుంటూ వెళ్లి కిటికీ తెరిచాను. తలుపు తీశాను. చల్లగాలి తగిలాక వెనక్కి చూస్తే, స్వప్న కదలలేదు. పిలిచినా, కుదిపినా లేవలేదు. అప్పటికి లేచిన దీప్తి, నేను చెరో చెయ్యి పట్టుకుని మెట్ల దాకా ఈడ్చుకొచ్చి, ఎమర్జెన్సీ నంబరు 911కి ఫోన్ చేశాం.

హీటర్ నుంచి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు లీకవుతోందట. దాన్ని పసిగట్టాల్సిన గోడ మీది అలారంలో బ్యాటరీ లేదు. ఇంకాసేపు పడుకుని ఉంటే ముగ్గురం లేచేవాళ్లం కాదని ఫైర్‌మన్ చెప్పాడు. స్వప్న రెండు రోజులు హాస్పిటల్లో ఉంది. ఇప్పుడు బాగానే ఉంది.

ఆ ఘాటు సంగతి అతన్ని అడిగాను. ఆ గ్యాస్‌కి వాసనే ఉండదన్నాడు. పొయ్యి చల్లగా ఉందట. ఆ వంటింట్లో మేం టీ కూడా పెట్టుకోలేదు. మా దగ్గర ఒక్క మిరపకాయ కూడా లేదు. కింది ఫ్లాట్ రిపేర్లకని ఖాళీగా ఉంది. ఆక్సిజన్ తగ్గితే మెదడు లేని వాసనలు పుట్టిస్తుందని డాక్టర్ అన్నారు. కావచ్చు. ఇద్దరికీ ఒకేసారి ఒకే వాసన పుట్టిస్తుందా అని అడిగితే, ఆయన స్వప్నని చూడటానికి వెళ్లిపోయారు. నా గొంతు మంట తగ్గడానికి రెండు రోజులు పట్టింది.

ఇంటికొచ్చాక గ్రేస్‌కి ఫోన్ చేశాను. ఆ శనివారం మధ్యాహ్నం తన ఇంట్లో పోపు మాడిందని చెబుతుందేమోనని ఆశ. అలా చెబితే, అర్థం కాకపోయినా, మనసుకి ఒక ఆధారం దొరికేది.

"లేదే. ఆ రోజంతా చర్చిలోనే ఉన్నా. అసలు వంటే చెయ్యలేదు," అంది.

జరిగిందంతా చెప్పాను. స్వప్న ఎలా ఉందని మూడుసార్లు అడిగింది. అప్పటికప్పుడు ఫోన్‌లోనే మా ముగ్గురి పేర్లూ చెప్పి ప్రార్థన చేసింది. ఏడ్చింది. ఈసారి ఆ ఏడుపు మా కోసం.

తర్వాత ముక్కు ఎగబీల్చి అడిగింది.

"ముగ్గురూ వెళ్లారా? మరి నన్ను పిలవలేదేంటే?"

ఆ ఘాటు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఈ రోజుకీ తెలియదు. గ్రేస్ అడిగినదానికి మాత్రం జవాబు తెలుసు. సిగ్నల్ సరిగా లేదని చెప్పి ఫోన్ పెట్టేశాను.