పసుపు వైరు జాయింటు

మొన్న ఒక మధ్యాహ్నం పటాన్‌చెరు చౌరస్తా దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు, పక్కన ఆగిన పాత కారు బానెట్ కింద ఫ్యాన్ గిర్రుమని తిరగడం మొదలెట్టింది. అద్దాలెక్కించి ఏసీ వేసుకుంటే ఇలాంటి చప్పుళ్ళు వినపడవు. ఆ రోజు ఎందుకో అద్దం దించి ఉంది. ఆ చప్పుడుకి నా మెడ వెనక వేడిగా అనిపించింది. సిగ్గేసినప్పుడు నాకు అలాగే అవుతుంది.

మేం కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగం కోసం వచ్చి బీరంగూడలో స్థిరపడ్డవాళ్ళం. ఫ్యాక్టరీలో నాది తనిఖీ విభాగం. ఎదుటివాడు బాగుందని చెప్పిన ముక్కని మళ్ళీ కొలిచి, బాగాలేదని రుజువు చేయడం నా పని. ఆ అలవాటు గేటు దగ్గర ఆగిపోకుండా నాతోపాటే కంపెనీ బస్సెక్కి ఇంటికొచ్చేది. కూరలో ఉప్పు సరిపోయిందని మా ఆవిడ చెప్పినా, గరిటతో అరచేతిలో వేసుకుని చూసిగానీ పీట మీద కూర్చునేవాణ్ణి కాదు. మాకో చిన్న కారుండేది. తోటి ఉద్యోగి దగ్గర కొన్నది, అప్పటికే ముసలిది. నేను బస్సులో వెళ్ళేవాణ్ణి కాబట్టి వారమంతా అది ఇంటి ముందు గుడ్డ కప్పుకుని నిద్రపోయేది, ఆదివారం లేచేది.

ఒక ఎండాకాలం ఆదివారం కారెక్కితే నా మోకాళ్ళు స్టీరింగ్‌కి తగిలాయి. సీటు రెండు మెట్లు ముందుకి జరిగి ఉంది. వెనక చూసే అద్దం కిందికి వంగి ఉంది. కాళ్ళ దగ్గర పట్టా మీద, మా వీధిలో ఎక్కడా లేని ఎర్రమట్టి. ఆ వారం మొదట్లోనే హారన్ చెడితే కారుని మా ఎలక్ట్రీషియన్ దగ్గర వదిలాను. బాగుచేసి ఆయనే నడిపి తెచ్చిచ్చాడు. లక్డారం మనిషి, హైవే పక్కన షాపు, ఆరేళ్ళుగా మా కారు సంగతి ఆయనే చూసేవాడు. మనిషి పొట్టి. నాకు ఇంకేం కావాలి? మన కారేసుకుని ఊరంతా తిరిగాడన్నమాట, అని మనసులోనే రిజెక్ట్ ముద్ర కొట్టేశాను. మా ఆవిడ కూడా ఆయనంత పొట్టిదేనన్న సంగతి నాకు తట్టనే లేదు.

ఆ మధ్యాహ్నమే సంగారెడ్డి నుంచి ఒక్కణ్ణే వస్తుంటే, ఇస్నాపూర్ దగ్గర లారీల మధ్య ఆగినప్పుడు వేడి చూపే ముల్లు ఎర్రగీత దాకా ఎక్కింది. ఫ్యాన్ చప్పుడు లేదు. ఇంజన్ ఆపి, చల్లారాక మెల్లగా నడుపుకుంటూ ఆయన షాపుకి చేరాను. ఆయన ఫ్యూజు తీసి చూసి పెట్టాడు. హారన్‌కి కరెంటందించే రిలే స్విచ్చు తీసి ఫ్యాన్ రిలే చోట గుచ్చాడు. టక్కుమంది కానీ ఫ్యాన్ తిరగలేదు. బ్యాటరీ నుంచి నేరుగా కలిపితే మాత్రం గిర్రున తిరిగింది.

"మోటరు మంచిగనే ఉన్నది సార్. నడుమల కరెంటు పోతలేదు," అన్నాడు.

అంటూనే, వెతకకుండానే, హెడ్‌లైట్ వెనక ఇరుకులోకి చెయ్యి పెట్టాడు. ఎక్కడుందో ముందే తెలిసిన మనిషిలాగా. నల్ల వైర్ల కట్టలోంచి టేపు చుట్టిన పసుపు వైరు ముక్క ఒకటి బయటికి లాగాడు. టేపు విప్పితే రాగి తీగలు నల్లబడి, సగం వదులై ఉన్నాయి. ఆయన చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తనిఖీలో ముప్పయ్యేళ్ళు అలాంటి చేతుల్నే చూశాను.

"ఈ జాయింటు ఎవరు వేశారు?" అన్నాను.

"గది ఇడిసిపెట్టుండ్రి సార్. కొత్త వైరు గుంజుత."

"నువ్వేగా వేసింది?"

ఆయన వంగి కొత్త వైరు కొలుచుకోసాగాడు. నాకు అదే ఒప్పుకోలు. పక్కన టీ తాగుతున్న ఇద్దరు లారీ డ్రైవర్లు వింటుండగా, మా కారులో ఊళ్ళు తిరిగి, వైరు కాల్చేసి, ముడేసి దాచావని అరిచాను. మోటారు కూడా పాతది పెట్టావేమోనన్నాను. ఆయన మొహం నల్లబడింది. తలొంచుకుని కొత్త వైరు వేశాడు, ఫ్యాన్ తిరగడం చూపించాడు, బానెట్ మూశాడు.

"ఇగ రేపటిసంది వేరే షాపు సూస్కోండ్రి సార్," అన్నాడంతే.

దొంగని పట్టుకున్న గర్వంతో ఇంటికెళ్ళి అంతా చెప్పాను. బియ్యం ఏరుతున్న మా ఆవిడ చేట కింద పెట్టేసింది. "అయ్యో, ఆయన్నెందుకు అన్నారండీ? కారు తీసుకెళ్ళింది నేను."

పక్కింటి వదినగారి కారు మీద రెండు నెలలు నేర్చుకుందట, నేను డ్యూటీలో ఉన్న పూటల్లో. ధైర్యమొచ్చాక ఇద్దరూ మా కారులో ఇస్మాయిల్‌ఖాన్‌పేట అమ్మవారి గుడికి వెళ్ళారు. ఎర్రమట్టి అక్కడిది. తిరిగొస్తుంటే లక్డారం మలుపు దగ్గర బానెట్‌లోంచి పొగ. డ్యాష్‌బోర్డు మీద అంటించిన షాపు నంబరుకి ఫోన్ చేస్తే, ఆయన బండి మీద వచ్చి, కాలిన వైరు కోసేసి, దగ్గరున్న ముక్కతో కలిపాడు. "అక్కా, ఇది ఇప్పటిమందమే. రెండొద్దులల్ల తీస్కరా," అని రెండ్రోజుల్లో షాపుకి తెమ్మన్నాడట. సార్‌కి చెప్పొద్దని ఈవిడ బతిమాలింది. మళ్ళీ కారు తీసే ధైర్యం రాక షాపుకి వెళ్ళనూ లేదు.

మర్నాడు ఫస్ట్ బస్సు వదిలేసి, ఆయన షట్టర్ తీసే వేళకి వెళ్ళి నిలబడ్డాను. తప్పైపోయిందన్నాను.

"నువ్వన్నా చెప్పొచ్చు కదయ్యా, ఒక్క మాట," అన్నాను.

"అక్కకు మాటిచ్చిన సార్. చెప్తే మాట పోతది, చెప్పకుంటే ఇజ్జత్ పోతది. జెరసేపు పరేషాన్ అయిన. ఇజ్జత్ అయితే మల్ల సంపాయించుకోవచ్చనుకున్న."

నిన్న విన్నవాళ్ళ ముందే నా మాట వెనక్కి తీసుకుందామని టీ కొట్టు వైపు చూశాను. ఆ డ్రైవర్లిద్దరూ రాత్రే లోడుతో షోలాపూర్ వెళ్ళిపోయారని టీ ఆయన చెప్పాడు. నా అబద్ధం వాళ్ళతోపాటు ఎంత దూరం వెళ్ళిందో నాకిప్పటికీ తెలియదు. టీ ఆయనకి మాత్రం రెండుసార్లు చెప్పాను.

ఆ వారమే మా ఆవిడ పక్కన కూర్చుని, బ్రేకు లేని నా వైపు కాలు నొక్కుకుంటూ కొల్లూరు దాకా వెళ్ళొచ్చాను. బాగా నడిపింది, నాకంటే బాగా. ఎప్పట్నుంచి ఉంది ఈ కోరిక అని అడిగితే, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, "ఈ కారు కొన్న రోజే అడిగాను. మీరు నవ్వారు," అంది. ఎంత తవ్వుకున్నా నాకా నవ్వు గుర్తు రాలేదు. పదకొండేళ్ళు ఆ ప్రశ్న నా పక్క సీట్లోనే కూర్చుని ప్రయాణం చేసింది. ఏళ్ళు గడిచిపోయాయని నేననుకున్నాను, ఆవిడ వాటిని ఒక్కొక్కటిగా మోసింది.